ఆడియో సీడీ మౌంట్ కాకపోవడం డ్రైవు లోపం కాదు

మీరు వివరించిన సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది. డెబియన్ 12 లినక్స్ నడుస్తున్న ల్యాప్‌టాప్‌కు యూఎస్‌బీ డీవీడీ డ్రైవు తగిలించారు. ఎంపీ3 పాటల డిస్కు పెడితే ఫోల్డరు వెంటనే తెరుచుకుంటోంది. మీ నాన్నగారు దాచుకున్న కర్ణాటక సంగీత కచేరీల ఆడియో డిస్కు పెట్టి మౌంట్ చేయబోతే, అంటే దాన్ని ఒక ఫోల్డరుగా తెరవబోతే మాత్రం ఫైల్ సిస్టమ్ రకం తప్పనీ, సూపర్‌బ్లాకు సరిగా లేదనీ సందేశం వస్తోంది. అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజరుగా ప్రయత్నించినా ఫలితం మారలేదు. ఎక్కడో పాత వ్యాసం చూసి, ఏ డిస్కును ఎక్కడ మౌంట్ చేయాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఒక వరుస కూడా చేర్చారు. డ్రైవు పోయిందా, డిస్కు పోయిందా, అనుమతులు చాలడం లేదా అన్నది మీ ప్రశ్న.

ఆ సందేశం ఒక్కదాన్ని బట్టి ఈ మూడింటిలో దేన్నీ అనుమానించనక్కరలేదు. ఆడియో సీడీలో ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్ళ పేర్లనూ చోట్లనూ నమోదు చేసే ఏర్పాటు, అనేదే ఉండదు కనుక దాన్ని మౌంట్ చేయడం ఎవరికీ, ఏ అనుమతితోనూ సాధ్యం కాదు. కంప్యూటరు మీకు నిజమే చెబుతోంది, కాకపోతే చెప్పే తీరు బెదిరించేలా ఉంది. కింద కొన్ని కమాండ్లను చదువుకోవడానికి వీలుగా తెలుగు లిపిలో రాస్తున్నాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాలతో టైపు చేయండి, పెద్ద అక్షరం కావలసిన చోట విడిగా చెబుతాను.

ముందు కారణం తెలిస్తే తక్కిన పని సులువవుతుంది. ఆడియో సీడీ నిర్దేశాలు 1980లో రూపొందాయి. అప్పటికి దాన్ని కంప్యూటరులో పెడతారన్న ఆలోచన లేదు. సెకనుకు 44,100 సార్లు కొలిచిన శబ్దాన్ని, రెండు చానళ్ళలో, ఒక్కో కొలతకు 16 బిట్ల చొప్పున, లోపలి అంచు నుంచి బయటికి సాగే ఒకే సర్పిలాకారపు గీతలో వరుసగా రాసుకుంటూ పోతారు. ఆ గీతను సెకనుకు 75 సెక్టార్లుగా విభజిస్తారు. ఆడియో డిస్కులో ఒక్కో సెక్టారులోని 2352 బైట్లూ శబ్దానికే పోతాయి. డేటా డిస్కులో సెక్టారు పరిమాణం అంతే అయినా అందులో 2048 బైట్లు మాత్రమే మన సమాచారం, మిగిలిన చోటులో ఆ సెక్టారు చిరునామా, అదనపు దోష సవరణ సంకేతాలు ఉంటాయి. ఫైలు పేర్లు, ఫోల్డర్లు, తేదీలు ఆడియో డిస్కులో ఎక్కడా ఉండవు. డిస్కు మొదట్లో ఉండే విషయసూచిక ఏ ట్రాకు ఎన్నో నిమిషంలో, ఎన్నో సెకనులో మొదలవుతుందో మాత్రం చెబుతుంది.

మౌంట్ కమాండు 2048 బైట్ల డేటా సెక్టార్లను అడుగుతుంది. ఆడియో ట్రాకు మీద డ్రైవు ఆ కోరికను తిరస్కరిస్తుంది. మీరు ‘సుడో డీమెసేజ్’ (sudo dmesg, లినక్స్ తన పని గురించి రాసుకునే సందేశాల జాబితా) చూసి ఉంటే, ఈ ట్రాకుకు ఆ పద్ధతి చెల్లదన్న మాటా, దాని కింద ఎస్‌ఆర్0 (మీ డ్రైవుకు లినక్స్ పెట్టిన పేరు) మీద బఫర్ ఐవో ఎర్రర్ అన్న వరుసా కనిపించి ఉంటాయి. ఈ రెండో వరుసను చూసి డ్రైవు చెడిపోయిందనుకుని కొత్తది కొన్నవారు నాకు తెలుసు. ఆడియో డిస్కు ఉన్నప్పుడు ఆ వరుస రావడం సహజం. డిస్కును ఉన్నదున్నట్లు కాపీ చేసే డీడీ, డీడీరెస్క్యూ వంటి సాధనాలు కూడా ఆడియో డిస్కు మీద ఇదే కారణంతో విఫలమవుతాయి. శబ్దాన్ని చదవడానికి డ్రైవుకు వేరే ఆదేశం పంపాలి, అది పంపగల ప్రోగ్రాములు వేరు.

ఇక ఎఫ్‌స్టాబ్‌లో మీరు చేర్చిన వరుసను ఈ రోజే తీసేయండి. ఆడియో డిస్కుకు అది ఎలాగూ పనికిరాదు. దానికి మించి, ఆ వరుసలో ‘నోఆటో’ గానీ ‘నోఫెయిల్’ గానీ లేకపోతే, డ్రైవు తగిలించకుండా ల్యాప్‌టాప్ ఆన్ చేసిన రోజున, సేవలన్నిటినీ మొదలుపెట్టే సిస్టమ్‌డీ ఆ డ్రైవు కోసం 90 సెకన్లు ఎదురుచూసి, చివరికి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. డెబియన్ ఇన్‌స్టాలర్ తానుగా చేర్చిన సీడీరామ్ వరుస ఒకటి అక్కడ ఉండవచ్చు. దానిలో ‘నోఆటో’ ఉంటుంది కనుక దాని జోలికి వెళ్ళనక్కరలేదు.

ఇప్పుడు అసలు పరీక్షలకు వద్దాం. కెర్నల్‌కు, అంటే లినక్స్ మూలభాగానికి, డ్రైవు కనిపిస్తోందా, మీ యూజరుకు దాన్ని నేరుగా తెరిచే అనుమతి ఉందా, డ్రైవు ఈ డిస్కు విషయసూచికను చదవగలుగుతోందా అనే మూడింటినీ ఈ వరుసలోనే చూడాలి. వరుస తప్పితే ఒకదాని లోపం మరొకదానిగా కనిపించి రోజంతా వృథా అవుతుంది.

మొదటిది మీ విషయంలో దాదాపు తేలిపోయినట్లే, ఎంపీ3 డిస్కు తెరుచుకుంటోంది కనుక. అయినా డ్రైవు తగిలించిన వెంటనే సుడో డీమెసేజ్ ఒకసారి చూడండి. ఎస్‌ఆర్0 పేరుతో డ్రైవు వేగాలు, సామర్థ్యాలు ఒకే వరుసలో కనిపిస్తాయి. అందులో ‘సీడీడీఏ’ అన్న మాట ఉంటే ఆ డ్రైవు శబ్దాన్ని డిజిటల్‌గా అందించగలనని చెబుతున్నట్లు. డిస్కు తిరగడం మొదలుపెట్టగానే యూఎస్‌బీ రీసెట్ అన్న వరుసలు పదేపదే వస్తుంటే అది కరెంటు చాలకపోవడం వల్ల కావచ్చు. యూఎస్‌బీ 2 పోర్టు ప్రమాణం ప్రకారం ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, పలచని డ్రైవులు డిస్కును తిప్పడం మొదలుపెట్టేటప్పుడు అంతకన్నా ఎక్కువ లాగుతాయి. అప్పుడు హబ్ లేకుండా ల్యాప్‌టాప్ పోర్టుకే నేరుగా తగిలించండి. డ్రైవుతో రెండు ప్లగ్గుల కేబులు వచ్చి ఉంటే రెండింటినీ పెట్టండి.

రెండోదాని దగ్గర కొంచెం ఆగాలి, అనుభవం ఉన్నవారు కూడా ఇక్కడే పొరబడుతుంటారు. ఎంపీ3 డిస్కు తెరుచుకుంది కాబట్టి అనుమతులు సరిగానే ఉన్నాయని మీరు రాశారు. అలా అనుకోవడానికి వీల్లేదు. డెస్క్‌టాప్‌లో డేటా డిస్కును మీ తరఫున మౌంట్ చేసేది యూడిస్క్స్ అనే సేవ, అది రూట్ అధికారంతో నడుస్తుంది. ఆడియో ప్లేయరు గానీ, ట్రాకులను ఫైళ్ళుగా తీసే ప్రోగ్రాము గానీ అలా కాదు, మీ యూజరు పేరుతోనే డ్రైవును నేరుగా తెరుస్తుంది. ఒకే డ్రైవు మీద డేటా డిస్కు బాగా పనిచేసి ఆడియో డిస్కుకు అనుమతి లేదని రావడం కాబట్టి పూర్తిగా సాధ్యమే.

‘ఎల్ఎస్ -ఎల్ /డెవ్/ఎస్‌ఆర్0’ అని కొట్టండి. యజమానిగా రూట్, గ్రూపుగా సీడీరామ్ కనిపించాలి. అనుమతుల అక్షరాల చివర కూడిక గుర్తు ఉంటే, కంప్యూటరు ముందు కూర్చుని లాగిన్ అయిన వ్యక్తికి విడిగా అనుమతి ఇచ్చారని అర్థం. ఆ అనుమతిని లాగిన్ సమయంలో సిస్టమ్‌డీ ఇస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దూరం నుంచి లాగిన్ అయినవారికి అది దక్కదు. వేరే గదిలో ఉన్న యంత్రంలో డిస్కు పెట్టి, ఇక్కడి నుంచి పని నడిపించాలనుకునేవారికి ఎదురయ్యే ఆటంకం ఇదే. అందరికీ పనికివచ్చే పరిష్కారం సీడీరామ్ గ్రూపులో చేరడం. డెబియన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సృష్టించిన మొదటి యూజరు ఆ గ్రూపులో ముందే ఉంటాడు, తరువాత చేర్చినవారు ఉండరు. ‘గ్రూప్స్’ అని కొట్టి చూడండి. వచ్చిన జాబితాలో సీడీరామ్ లేకపోతే ‘సుడో యూజర్‌మాడ్ -ఏజీ సీడీరామ్’ అని కొట్టి, పక్కనే మీ యూజరు పేరు ఇవ్వండి. ఏజీలో ఏ చిన్నక్షరం, జీ పెద్దక్షరం. ఆ చిన్న ఏ మరచిపోతే సుడో గ్రూపుతో సహా మీ పాత గ్రూపులన్నీ పోతాయి, కనుక ఎంటర్ నొక్కే ముందు మరోసారి చూసుకోండి. మార్పు అమలు కావాలంటే పూర్తిగా లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ కావాలి, టెర్మినల్ మూసి తెరిస్తే చాలదు. ఆర్చ్ లినక్స్‌లో ఈ గ్రూపు పేరు ఆప్టికల్.

ఎస్‌ఆర్0తో పాటు అదే డ్రైవుకు ఎస్‌జీ0 వంటి మరో పేరు కూడా ఉండవచ్చు. కొన్ని ప్రోగ్రాములు ఆ దారినే వెళ్తాయి. అది అసలు కనిపించకపోతే ‘సుడో మోడ్‌ప్రోబ్ ఎస్‌జీ’ అనండి. డ్రైవును అందరికీ తెరిచిపెట్టే ‘సీహెచ్‌మాడ్ 666’ను చాలామంది సలహా ఇస్తారు, అది వద్దు. కేబులు తీసి పెట్టగానే యూడెవ్ ఆ పేరును కొత్తగా సృష్టిస్తుంది, మీ మార్పు చెరిగిపోతుంది. ప్లేయర్లను రూట్‌గా నడపడం కూడా వద్దు. తీసిన ఫైళ్ళన్నీ రూట్ సొంతమై, వాటి పేరు మార్చడానికి కూడా మీరు తరువాత ఇబ్బంది పడతారు.

మూడో పరీక్షకు, ఆడియో డిస్కును చదివి ఫైళ్ళుగా తీసే సీడీపారనోయా (cdparanoia) ప్యాకేజీ వేసుకోండి. చాలా ఏళ్ళుగా ఉన్న ప్రోగ్రాము ఇది, నేటికీ నాకు దీని మీదే ఎక్కువ నమ్మకం. డిస్కు పెట్టి, తిరగడం నిలకడగా సాగేదాకా పది సెకన్లు ఆగి, ‘సీడీపారనోయా -వీఎస్‌క్యూ’ అని కొట్టండి. క్యూ మాత్రం పెద్దక్షరం. ట్రాకుల సంఖ్య, నిడివి, ఆరంభస్థానం పట్టికగా వస్తే మీ డ్రైవు, అనుమతులు, డిస్కు మొదటి భాగం మూడూ బాగున్నట్లే. ఆ పట్టికలో ‘ప్రీ’ అన్న నిలువు వరుసను కూడా గమనించండి. సాధారణంగా అక్కడ ‘నో’ ఉంటుంది. కొన్ని తొలినాటి డిస్కుల్లో ‘యెస్’ ఉండవచ్చు. పై స్థాయి శబ్దాలను కావాలనే పెంచి రికార్డు చేశారని, వినేటప్పుడు తగ్గించుకోవాలని దాని అర్థం. అలా తగ్గించకుండా ఫైలుగా మారిస్తే తంబురా, వయొలిన్ కీచుగా వినిపిస్తాయి. సాక్స్ ప్రోగ్రాములోని డీఎంఫ్ ఎఫెక్టు ఆ తేడాను సరిచేస్తుంది.

పట్టికకు బదులు విషయసూచిక చదవలేకపోతున్నానని వస్తే, ముందు మరో ఆడియో డిస్కు పెట్టి చూడండి. అదీ చదవకపోతే లోపం డ్రైవులో ఉంది. అది చదివితే ఈ డిస్కులో ఉంది. ఇంట్లోనో చిన్న స్టూడియోలోనో రాసిన డిస్కు అయితే, రాసినవారు చివర దాన్ని ముగించకుండా వదిలేసి ఉండవచ్చు. అటువంటి డిస్కు రాయగల డ్రైవులో తప్ప మామూలు ప్లేయర్లలో కనిపించదు. మురికి ఉంటే మెత్తని పొడి గుడ్డతో మధ్య నుంచి అంచువైపు తిన్నగా తుడవండి, గుండ్రంగా ఎప్పుడూ తుడవవద్దు. సీడీ దోష సవరణ పద్ధతి వరుసగా సుమారు 2.5 మిల్లీమీటర్ల పొడవు సమాచారం పోయినా పూర్తిగా తిరిగి కట్టగలదు. అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టులో కొద్దిపాటి సమాచారాన్నే చెరుపుతుంది. గుండ్రంగా పడిన గీత మాత్రం సమాచారం వెంబడే సాగి ఆ హద్దు దాటిపోతుంది. పేరు ముద్రించిన పైవైపును మరింత జాగ్రత్తగా చూడాలి. మెరిసే పొర ఆ వైపున పలచని లక్క కిందనే ఉంటుంది, అక్కడ గీసుకుపోతే ఏ పాలిషూ దాన్ని తిరిగి తేలేదు.

డ్రైవు ఖాళీగా లేదన్న సందేశం వస్తే కారణం చాలావరకు డెస్క్‌టాపే. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో జీవీఎఫ్‌ఎస్ అనే సేవ ఆడియో డిస్కును ముందే తెరిచి, ట్రాకులను వేవ్ ఫైళ్ళలాగా ఫోల్డరులో చూపిస్తుంది. కేడీఈలో కూడా ఆడియోసీడీ పేరుతో ఇటువంటి ఏర్పాటు ఉంది. ఆ ఫైళ్ళు డిస్కు మీద నిజంగా లేవు, అడిగినప్పుడు అప్పటికప్పుడు తయారవుతాయి. ఒక్క పాట కాపీ చేసుకోవాలంటే ఆ దారి చాలు. పట్టుకుని ఉన్నదెవరో ‘ఫ్యూజర్ -వీ /డెవ్/ఎస్‌ఆర్0’ చెబుతుంది. ఇలా చూపించడాన్ని కూడా ఫైల్ మేనేజరు మౌంట్ అనే అంటుంది కనుక, అక్కడ ఆ డిస్కును అన్‌మౌంట్ చేస్తే డ్రైవు విడుదలవుతుంది.

వినడానికి వీఎల్‌సీ సరిపోతుంది. మీడియా మెనూలో డిస్కు తెరిచే చోట ఆడియో సీడీని ఎంచుకుని, డివైజుగా /డెవ్/ఎస్‌ఆర్0 ఇవ్వండి. వీఎల్‌సీని డెబియన్ ప్యాకేజీగా కాక స్నాప్‌గా, అంటే మిగతా సిస్టమ్ నుంచి వేరుచేసి నడిపే ప్యాకేజీగా, వేసుకుని ఉంటే డ్రైవును తాకే అనుమతి దానికి విడిగా ఇవ్వవలసి రావచ్చు. ‘సుడో స్నాప్ కనెక్ట్ వీఎల్‌సీ:ఆప్టికల్-డ్రైవ్’ ఆ పని చేస్తుంది. గ్రూపులన్నీ సరిగా ఉన్నా ప్లేయరు డిస్కును చూడలేకపోతే ముందు ఇదే అనుమానించండి. మరికొన్ని పాత ప్లేయర్లలో డిస్కు తిరుగుతుంది, సమయం నడుస్తుంది, శబ్దం మాత్రం రాదు. అవి డ్రైవునే పాడమని ఆదేశించి, డ్రైవు వెనుక నుంచి సౌండ్ కార్డుకు వెళ్ళే నాలుగు పిన్నుల తీగ మీద ఆధారపడేవి. యూఎస్‌బీ డ్రైవులకు ఆ తీగ ఉండదు కనుక వాటిని వదిలేయడమే మంచిది.

నాకు ముఖ్యంగా చెప్పాలనిపించేది ఈ డిస్కులను ఫైళ్ళుగా భద్రపరచడం గురించి. మీ నాన్నగారి డిస్కులను రెండు కుప్పలు చేయండి. అడుగు వైపు వెండిలా తెల్లగా మెరిసేవి అచ్చు వేసిన డిస్కులు, అవి ఎక్కువకాలం నిలుస్తాయి. ఆకుపచ్చ, నీలం, లేత బంగారు ఛాయ ఉన్నవి ఇంట్లో రాసినవి. వాటిలో సమాచారం ఉన్నది రంగు పొరలో, వేడికీ వెలుతురుకూ ఆ రంగు చెడుతుంది. సభల్లో తెలిసినవారు రికార్డు చేసి ఇచ్చిన కచేరీలు ఈ రెండో కుప్పలోనే ఉండే అవకాశం ఎక్కువ, వాటికి మరో ప్రతి ఎక్కడా ఉండకపోవచ్చు. మొదలుపెట్టేది వీటితోనే కావాలి.

కచేరీ డిస్కులో ట్రాకుల మధ్య నిశ్శబ్దం ఉండకపోవచ్చు. రాగాలాపన ముగిసి కృతి అందుకునే చోట ట్రాకు గుర్తు పడుతుంది, శబ్దం మాత్రం ఆగదు. అందుకని ‘సీడీపారనోయా -బీ’తో, ఇక్కడ బీ పెద్దక్షరం, ట్రాకులను విడివిడిగా తీసుకోవడంతో పాటు, ‘సీడీపారనోయా "1-"’ అని ఇచ్చి డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా కూడా తీసుకోవడం నా అలవాటు. 74 నిమిషాల డిస్కు 783 మెగాబైట్లు అవుతుంది. దాన్ని ఫ్లాక్‌గా మారిస్తే శబ్దంలో ఒక్క బిట్టు పోకుండానే ఫైలు బాగా చిన్నదవుతుంది. ఎంపీ3లోకి మారిస్తే ఎన్‌కోడరు ప్రతి ఫైలుకూ ముందు వెనుక చిన్న ఖాళీ చేరుస్తుంది, ఆలాపన నుంచి పల్లవిలోకి వెళ్ళే చోట అది చెవికి తగులుతుంది. ఫోనులో వినడానికి ఎంపీ3 చేసుకోండి, దాచుకోవడానికి మాత్రం ఫ్లాకే ఉంచండి.

తీస్తున్నప్పుడు సీడీపారనోయా తన స్థితిని చిన్న ముఖచిహ్నాలతో చూపిస్తుంది. :-) ఉంటే పని సాఫీగా సాగుతోంది. :-( వస్తే గీత తగిలింది. పురోగతి పట్టీలో ఇంగ్లీషు పెద్దక్షరం వీ కనిపించిన చోట సరిదిద్దలేని నష్టం జరిగింది. అటువంటి డిస్కుకు పెద్దక్షరం ఎస్‌తో ‘-ఎస్ 4’ చేర్చి నాలుగు రెట్ల వేగానికి తగ్గించండి. వేగం మార్చినా అదే చోట వీ వస్తే డ్రైవు మార్చి ప్రయత్నించండి. ఒక డ్రైవు చదవలేని డిస్కును మరొకటి అవలీలగా చదవడం నేను ఎన్నోసార్లు చూశాను. ఈ ప్రోగ్రాము నెమ్మదిగా నడుస్తోందని విసుగు చెందకండి. ఆడియో సెక్టారులోని బైట్లన్నీ శబ్దానికే పోతాయని పైన చెప్పాను కదా, డేటా సెక్టారులో ఉండే కచ్చితమైన చిరునామా అక్కడ లేదు కనుక డ్రైవు అడిగిన చోటుకు కాస్త అటూ ఇటూగా వెళ్ళే ప్రమాదం ఉంది. అందుకే ఈ ప్రోగ్రాము పక్కపక్క భాగాలను కొంత అతివ్యాప్తితో చదివి, సరిపోల్చి, అతుకు కనిపించకుండా కలుపుతుంది. పెద్దక్షరం జెడ్ ఇచ్చి ఈ పరిశీలనను ఆపేయమని చెప్పే సలహాలను ఈ డిస్కుల విషయంలో పాటించకండి.

ట్రాకుల పేర్లు తమంతట తాము వస్తాయని ఎదురుచూడకండి. డిస్కులో సాధారణంగా పేర్లుండవు, ప్రోగ్రాములు ట్రాకుల ఆరంభస్థానాలను బట్టి మ్యూజిక్‌బ్రెయిన్జ్ వంటి జాబితాలో వెతుకుతాయి. పాత వ్యాసాలు చెప్పే ఫ్రీడీబీ 2020లో మూతపడింది. సొంతంగా రాసిన కచేరీ డిస్కులు ఏ జాబితాలోనూ దొరకవు. ఫ్లాక్ ఫైళ్ళకు వివరాలు చేర్చే మెటాఫ్లాక్‌తో మీరే కృతి, రాగం, తాళం, గాయకుల పేరు, కచేరీ జరిగిన ఊరు చేర్చండి. ఫ్లాక్ ట్యాగులు యూటీఎఫ్-8లో ఉంటాయి కనుక అన్నీ తెలుగులోనే రాసుకోవచ్చు. డిస్కు పెట్టె మీద మీ నాన్నగారు చేతితో రాసిన వివరాలుంటే ముందు వాటికి ఒక ఫొటో తీసి అదే ఫోల్డరులో ఉంచండి. వీలైతే ఆయన పక్కన కూర్చుని ఒక్కో డిస్కు గురించి అడిగి రాసుకోండి.

ఇవన్నీ చేశాక కూడా విషయసూచిక పట్టిక రాకపోతే, ‘ఎల్ఎస్ -ఎల్ /డెవ్/ఎస్‌ఆర్0’, ‘గ్రూప్స్’, ‘సీడీపారనోయా -వీఎస్‌క్యూ’ ఈ మూడింటి ఫలితాలనూ, డిస్కు పెట్టిన తరువాత సుడో డీమెసేజ్‌లో వచ్చిన చివరి ఇరవై వరుసలనూ ఉన్నవున్నట్లు పంపండి. డిస్కు అడుగు వైపు ఏ రంగులో ఉందో కూడా రాయండి.